నాయినకు చూపించిన మద్రాసు

మా నాయినకు చెవులు సరిగ్గా వినిపించవని నాకు ఎప్పుడు తెలిసిందో చెప్పలేను. నేను పుట్టేసరికే సగం పోయాయట. మద్రాసు శివారు అంబత్తూరులో ఒక చిన్న ఇనప పోతల కార్ఖానాలో ఆయనకు పని. అచ్చులోంచి తీసిన సామాను అంచుల వెంట మిగిలిపోయిన ఇనుమును గ్రైండింగ్ మిషన్ మీద అరగదీయాలి. ముప్పై ఏళ్ళకు పైగా అదే చేశాడు. ఆ షెడ్డులో పనిచేసిన వాళ్ళందరి చెవులూ అంతే. వాళ్ళలో వాళ్ళు చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. చిన్నప్పుడు ఒకసారి నన్ను తీసుకెళితే, ఆ మోతలో నలుగురు మగవాళ్ళు చేతులు ఊపుకుంటూ పగలబడి నవ్వడం చూసి నాకు భయమేసింది.

ఇంట్లో ఆయనకు చెవులు మా అమ్మే. అమ్మ ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. ఆయనకు ఎదురుగా నిలబడి, పెదాలు నెమ్మదిగా కదిపేది. ఎవరైనా వస్తే వాళ్ళు చెప్పినదంతా తన నోటితో మళ్ళీ చెప్పేది. అమ్మ పెదాలు తప్ప ఇంకెవరి పెదాలూ ఆయనకు పూర్తిగా అర్థమయ్యేవి కావు. అమ్మ పోయిన ఆరు నెలలకు ఆయన రిటైరయ్యాడు. చింతాద్రిపేటలో మా రెండు గదుల ఇంట్లో ఆయనా నేనూ మిగిలాం.

నా ఉద్యోగం ఫోన్లో మాట్లాడటం. ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ ఫోన్ చేసేవాళ్ళకు ఒక కంపెనీ తరఫున తెలుగులో జవాబు చెప్తాను. చేరిన కొత్తలో నా మాట విని ట్రైనింగ్ ఇచ్చే ఆమె నవ్వింది. "మీరు తెలుగువాళ్ళేనా అండీ? ఆడ, ఈడ అంటే కస్టమర్లు ఊరుకోరు" అంది. నాలుగు నెలల్లో యాస మార్చుకున్నాను. వినపడలేదన్న వాళ్ళకు అదే మాట మూడుసార్లు, నాలుగుసార్లు, నవ్వు చెరగకుండా చెప్పడం నాకు బాగా వచ్చు. అందుకు ఆఫీసులో రెండుసార్లు మెచ్చుకున్నారు కూడా. సాయంత్రం ఇంటికి వచ్చాక మాత్రం మా నాయినకు ఒక మాట రెండోసారి చెప్పాలంటే ఒళ్ళు మండేది.

చెవి మిషను కొనిచ్చాను. వారం రోజులు పెట్టుకున్నాడు. ఎనిమిదో రోజు దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువా మీద పెట్టేశాడు.

"ఎందుకు తీసేసినావు నాయినా?" అని చేత్తో చెవి చూపించి అడిగాను.

"దాంట్లో మాట రాలేదు పాపా. ఫ్యాక్టరీ వస్తా ఉండాది" అన్నాడు.

ఒక ఆదివారం నేను బట్టలు ఆరేస్తుంటే వెనక వచ్చి నిలబడి అడిగాడు. "పాపా, ఇన్నేండ్లు ఆ ట్రైన్లో పోతి, వస్తి. ఈ మద్రాసులో ఏమేమి ఉండాదో నాకు తెలీదు. మ్యూజియం ఎగ్మూర్లోనే ఉండాదంట గదా. నడిచే దూరం. మీయమ్మ ఎన్నిసార్లు అడిగింది! రిటైరైనాక పోదాం అంటి."

నెలకు రెండు ఆదివారాలు ఇద్దరం కలిసి ఊరు చూద్దామని నేనే మాటిచ్చాను.

మొదట మ్యూజియానికే వెళ్ళాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, పొద్దున తొమ్మిదికే గుమ్మంలో నిలబడ్డాడు. రాతి బొమ్మలు, పాత కత్తులు, తిమింగలం ఎముకలు అన్నీ పద్ధతిగా చూసుకుంటూ వచ్చాడు. కంచు విగ్రహాల గదిలోకి రాగానే ఆయన నడక మారిపోయింది. ఒక నటరాజు ముందు ఆగాడు. ముందునుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు, వంగి చూశాడు. అద్దాల పెట్టె వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుని మరీ చూశాడు. అక్కడున్న కాపలా మనిషికి అనుమానం వచ్చింది. ఏం వెతుకుతున్నారని తమిళంలో అడిగాడు.

"గీత లేదే!" అన్నాడు నాయిన. వినిపించని వాళ్ళ గొంతు పెద్దది. గది మొత్తం మోగింది. "రెండు అచ్చులు కలిపే తావ గీత పడతాది. దాన్ని అరగదీసేదే నా పని. ఎంత అరగదీసినా నా కంటికి తెలుస్తాది. దీనికి లేదు పాపా! అడుగు ఆయన్ని, యాడ పెట్టినారు గీత?"

నేను సిగ్గుపడుతూనే తమిళంలో అడిగాను. కాపలా మనిషి నాయిన ముఖం చూశాడు, చెవులు చూశాడు. ఆయనకే అర్థమైపోయింది. నాతో మాట్లాడటం మానేసి, నాయిన ఎదుట నిలబడి చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని చుట్టూ మట్టి మెత్తుతారు. కాల్చితే మైనం కారిపోతుంది. ఆ ఖాళీలో కంచు పోస్తారు. మట్టి పగలగొడతారు. పగలగొట్టేటప్పుడు గుప్పిట తెరిచి చూపించాడు.

"అయితే ఒగటేనా?" అన్నాడు నాయిన. "ఇంకోటి రాదా ఆ అచ్చులో?"

కాపలా మనిషి తల అడ్డంగా ఊపాడు. నాయిన తన రెండు అరచేతులు తెరిచి ఆయనకు చూపించాడు. ఇనప రజను దిగి నల్లబడిన చుక్కలు ఆ చేతుల నిండా ఉండేవి. కాపలా మనిషి వాటిని పట్టుకుని చూశాడు. అప్పటికి కాలేజీ పిల్లలు కొందరు చుట్టూ చేరారు. నాయిన సగం తమిళం, సగం తెలుగు కలిపి, పోత అంటే ఏమిటో, గీత అంటే ఏమిటో వాళ్ళకు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒక అమ్మాయి ఫోన్లో రాసుకుంది కూడా. దారంతా ఆయన మాట్లాడుతూనే ఇంటికి వచ్చాడు. అమ్మ పోయాక ఆయన అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజే.

ఆ తర్వాత రాయపురం చేపల హార్బరుకు వెళ్ళాం. అక్కడ అందరూ అరుచుకుంటారు, అందరూ వేళ్ళు చూపించి బేరమాడతారు. ఆ గోలలో నాకే ఏమీ వినపడలేదు, ఆయన మాత్రం చక్కగా ఒక వంజరం చేప బేరం చేసి తెచ్చాడు. ఊరు చూడటం మా ఇద్దరికీ బాగానే అలవాటైందనుకున్నాను.

అప్పుడే నుంగంబాక్కంలో ఒక పెద్ద హోటలుకు తీసుకెళ్ళాను. ఆఫీసులో విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయిలు దాని గురించి గొప్పగా చెప్పేవాళ్ళు. తెల్ల గుడ్డ పరిచిన బల్లలు, మసక వెలుతురు. ఆ వెలుతురులో ఆయనకు ఎవరి పెదాలూ కనపడవన్న సంగతి నాకు తట్టనే లేదు. టై కట్టుకున్న కుర్రాడు వచ్చి, సీసా నీళ్ళా, మామూలు నీళ్ళా అని ఇంగ్లీషులో అడిగాడు. నాయిన అతని వైపు తిరిగి, మర్యాదగా, గట్టిగా, "రెండు ఇడ్లీ, ఒక వడ" అన్నాడు.

పక్క బల్ల వాళ్ళు నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. కుర్రాడు కూడా నవ్వాపుకుని మళ్ళీ అడిగాడు. నాయిన ఇంకా గట్టిగా, "చట్నీ సపరేటుగా" అన్నాడు. ఈసారి ఇంకో బల్ల కూడా ఇటు తిరిగింది.

"నోరు మూసుకోని కూర్చో నాయినా. నేను చెప్తా" అన్నాను.

మెల్లగానే అన్నాను. కానీ ఆయన నా ముఖమే చూస్తున్నాడు. నేను రోజూ చెప్పే మాటల్లో సగం అందని మనిషికి, అంత చీకట్లో, ఆ ఒక్క మాట పూర్తిగా అందింది. తల వంచుకుని బల్ల మీది గుడ్డను సర్దుతూ కూర్చున్నాడు. నేను చెప్పినవన్నీ తిన్నాడు. బాగుందా అని సైగ చేస్తే బాగుందన్నట్టు తలూపాడు. బయటికి వచ్చాక నేను క్షమించమని అడగలేదు. ఎలా అడగాలి? అడిగితే గట్టిగా అడగాలి, రోడ్డు మీద అందరూ వింటారు. ఆ సాకు చెప్పుకుని ఊరుకున్నాను.

నెల రోజులు ఎక్కడికీ పోలేదు. తర్వాత ఆయనే నాటకం అడిగాడు. చిన్నప్పుడు చింతాద్రిపేటలో తెలుగు నాటకాలు ఆడేవారట. తాత భుజం మీద కూర్చుని చూశాడట. ఆఫీసులో ఎవరో పంపిన కబురుతో టీనగర్ దగ్గర ఒక హాల్లో తెలుగు నాటకం ఉందని తెలిసింది.

"ముందర కూసుందాం పాపా. నోళ్ళు కనపడాల" అని రెండుసార్లు చెప్పాడు.

ఆ రోజు నాకు ఆదివారం డ్యూటీ పడింది. పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళేసరికి నాటకం మొదలైపోయింది. చివరి వరుసకు ముందు వరుసలో దొరికింది చోటు. అక్కడినుంచి నటుల ముఖాలు బొటనవేలంత కనిపిస్తున్నాయి. నోళ్ళు ఎక్కడ కనపడతాయి? అయినా ఆయన ముందుకు వంగి, ముందు కుర్చీ వీపు పట్టుకుని, రెండు గంటలూ కదలకుండా చూశాడు. జనం నవ్వినప్పుడు నా ముఖం చూసి తానూ నవ్వాడు.

నాటకం మామూలుదే. తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు ఇంటికోసం పోట్లాడుకుంటారు. మాటకు మాట, సామెతకు సామెత. నాకు మధ్యలో ఆవలింతలు కూడా వచ్చాయి.

అయిపోయాక బస్ స్టాప్‌లో నిలబడ్డాం. సన్నగా తుంపర పడుతోంది. నాయిన ముఖం వెలిగిపోతోంది.

"ఎంత బాగా చేసినారు పాపా! నాకు ఏడుపొచ్చింది."

"ఏం అర్థమైంది నీకు?" అన్నాను, సైగతో.

"వాళ్ళమ్మ!" అన్నాడు. "పచ్చ చీర కట్టుకున్నామె. ఆమె చచ్చిపోయింది గదా. అందుకే ఎవురూ ఆమె తట్టు చూడరు. ఆమె మాత్రం ఇల్లు చిమ్ముతాది, దీపం ముట్టిస్తాది. పెద్దోడి పక్కన నీళ్ళ గ్లాసు పెడతాది. వాడు తాగడు. వాడికి కనపడదు గదా పాపం. కొట్టుకుంటానే ఉంటారు ఇద్దురూ. కడాకు ఆమే అలిసిపోయి మూట తీసుకోని ఎల్లిపోయింది. ఎవుడన్నా తల తిప్పినాడా?"

నేను నవ్వాను.

"ఆమె పనిమనిషి నాయినా" అన్నాను.

"ఆఁ?"

"పనిమనిషి!"

ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని వంగాడు. బస్ స్టాప్‌లో వాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. పొద్దుట్నుంచీ ఫోన్లు మాట్లాడి నా గొంతు అప్పటికే పోయి ఉంది. రోజంతా నేను చేసే పని జనం తప్పుగా అనుకున్నదాన్ని సరిచేసి చెప్పడమే. అది నోటికి అలవాటైపోయింది. "ప-ని-మ-ని-షి! వాళ్ళమ్మ కాదు! ఆమెకు డైలాగులు లేవు, అంతే!" అని అరిచాను. ఆయనకు అర్థం కావాలని చీపురు పట్టి చిమ్మినట్టు చేసి చూపించాను కూడా.

"ఓ" అన్నాడు. "పనిమనిషా."

"నేను వేరేగా అనుకుంటి" అన్నాడు. ముఖం తిప్పి బస్సు వచ్చే వైపు చూడసాగాడు. అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయన ఆ రెండు గంటలూ స్టేజీ మీద ఎవరిని చూశాడో, బస్సు ఎక్కాక, ఆయన పక్కన కూర్చున్నాక నాకు తెలిసింది. చెయ్యి పట్టుకుందామనుకున్నాను. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు.

తర్వాతి ఆదివారం లైట్‌హౌస్ ఎక్కుదామని అడిగితే, "వేండాం పాపా. నువ్వు రెస్టు తీసుకో. పాపం, వారమంతా మాట్లాడతానే ఉంటావు" అన్నాడు. ఆ పై ఆదివారమూ అదే మాట. దాచడం ఎందుకు, నాకు హాయిగానే అనిపించింది. ఆదివారాలు మళ్ళీ నావయ్యాయి. ఆలస్యంగా లేచేదాన్ని, జుట్టుకు హెన్నా పెట్టుకునేదాన్ని. ఆయన పొద్దున్నే లోకల్ ట్రైనెక్కి అంబత్తూరు పోయి, పాత స్నేహితులతో టీ అంగడిలో కూర్చుని మధ్యాహ్నానికి వచ్చేవాడు.

కార్తీకంలో, వానలు బలంగా పట్టిన వారంలో, ఒక పొద్దున ఆయన వంటింట్లో పడిపోయాడు. పక్కింటి అక్క చూసి ఆసుపత్రికి చేర్చింది. నాకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. మా ఆఫీసులో ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. భోజనానికి బయటికి వచ్చినప్పుడు చూసుకున్నాను. అంతవరకూ లోపల కూర్చుని, ఎవరెవరికో, ఇంకేమైనా సహాయం కావాలా అండీ అని అడుగుతూ ఉన్నాను.

రెండు రోజులు ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కుడివైపు కదలిక లేదు. నర్సు మంచిదే, నా భుజం తట్టి, "పక్కన కూర్చుని మాట్లాడండి. పేషెంటుకు వినిపిస్తుంది, ఇలాంటివాళ్ళకు చివరిదాకా వినపడుతుంది" అని తమిళంలో చెప్పింది. ఆమెకు తెలియదు కదా. నేను లేచి, మంచానికి ఎదురుగా, ఆయన కళ్ళకు అందేచోట నిలబడ్డాను. అమ్మలాగా, గొంతు లేకుండా, పెదాలు మాత్రమే నెమ్మదిగా కదిపాను. హోటల్లో అన్న మాటకు క్షమించమన్నాను. నాటకం గురించి చెప్పాను. లైట్‌హౌస్‌కు పోదామన్నాను. చెప్పింది మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, విసుగు రాలేదు. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. చూస్తున్నాయో లేదో తెలియదు.

మూడో రోజు తెల్లవారుజామున పోయాడు.

అంతా అయిపోయిన తర్వాత, అంబత్తూరు నుంచి ఆయనతో పనిచేసిన మనిషొకాయన ఇంటికి వచ్చాడు. తడిసిన గొడుగు గుమ్మం బయట పెట్టి, లోపలికి వచ్చి పటం ముందు నిలబడి దండం పెట్టుకున్నాడు. నా వైపు తిరిగి మాట్లాడేసరికి, కూర్చున్న చుట్టాలంతా ఉలిక్కిపడ్డారు. ఆయన గొంతూ అంత పెద్దదే.

"మీ నాయిన డ్రామాకు పోయినాడు గదమ్మా. ఆ కథ మాకు చెప్పినాడు. టీ అంగడి కాడ, మొత్తం చేతులతోనే. ఆ పచ్చ చీరామె దీపం ముట్టించేది చేసి చూపిస్తే, మాలో ఒకడు ఏడ్చేసినాడు. మళ్ళా వారం పోతే మళ్ళా చెప్పమంటిమి. అప్పుడేమన్నాడంటే, లేదు పా, మా పాప ఆ రోజే వేరే చెప్పింది, నాది తప్పంట అన్నాడు."

నేను తల దించుకున్నాను. ఆయన నా గడ్డం కింద చెయ్యి పెట్టి ముఖం ఎత్తాడు. నా నోరు కనపడాలని.

"నిజంగా యారమ్మా ఆమె?"

"వాళ్ళమ్మే" అన్నాను, ఆయనకు తెలిసేలా, నిదానంగా.

"నేను అప్పుడే అంటి!" అన్నాడు. సంతోషంగా చుట్టూ చూశాడు. చావింట్లో ఉన్నానని గుర్తొచ్చి, కళ్ళు తుడుచుకుని, ట్రైన్ టైమైందని వెళ్ళిపోయాడు.

చింతాద్రిపేట ఇల్లు ఖాళీ చేసి రెండేళ్ళవుతోంది. ఇప్పుడు వేళచ్చేరిలో, ఆఫీసుకు దగ్గరగా, ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఉంటున్నాను. గుంటూరమ్మాయి ఒకతి, వరంగల్ అమ్మాయిలిద్దరు. ఊరికి కొత్త. శనివారం వచ్చిందంటే చాలు, "అక్కా, నువ్వు ఇక్కడే పుట్టావు కదా, ఎక్కడికెళ్ళాలో చెప్పు" అంటారు. చెప్తాను. బస్సు నంబర్లు కూడా చెప్తాను. ఏ రోజు ఏది మూసి ఉంటుందో, ఎక్కడ దోశ బాగుంటుందో కాగితం మీద రాసిస్తాను.

"నువ్వూ రా అక్కా" అంటారు, చెప్పులు వేసుకుంటూ.

మీరు వెళ్ళిరండి అంటాను. వాళ్ళు మెట్లు దిగుతూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకుంటారు. ఆ మాటలు వీధి మలుపు దాకా నాకు వినపడుతూనే ఉంటాయి.